అరగంటలో ఒక వ్యాసం: జీఆర్‌ఈ రచనకు మన బడిలో సాధన

శనివారం మన బడిలో తరగతులు జరిగే రెండు గంటలూ హాల్లో వెనక బల్ల దగ్గర నలుగురైదుగురు తలెత్తకుండా రాసుకుంటూ కనిపిస్తున్నారు, వాళ్ళెవరు, ఏం రాస్తున్నారు అని ఈమధ్య చాలామంది తల్లిదండ్రులు మమ్మల్ని అడిగారు. వాళ్ళలో సగంమంది ఒకప్పుడు మన బడిలోనే అ ఆలు దిద్దుకుని, ఇప్పుడు కాలేజీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు. తక్కిన సగం, పిల్లల్ని తరగతిలో దింపి వాళ్ళకోసం ఎదురుచూసే అమ్మలు. ఊళ్ళో డిగ్రీలూ పీజీలూ పూర్తిచేసి, పెళ్ళయి హెచ్‌-4 వీసా మీద ఇక్కడికి వచ్చి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ చదువుకుందామని నడుం కట్టినవాళ్ళు. అందరికీ ఎదురైన గండం ఒక్కటే. జీఆర్‌ఈ పరీక్షలో మొట్టమొదట వచ్చే వ్యాసం.

లెక్కలంటే మనవాళ్ళకు భయం లేదు. ఇంగ్లీషు పదాలను కార్డుల మీద రాసుకుని వంటింట్లో, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ బట్టీ పట్టేస్తారు. వ్యాసం మాత్రం చివరి వారంలో చూసుకుందాంలే అని పక్కన పెడతారు. అందుకే రెండేళ్ళ క్రితం ఈ వెనక బల్ల మొదలుపెట్టాం. మేము ముగ్గురం వాలంటీర్లం, ముగ్గురం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. ఇంగ్లీషు సాహిత్యంలో మాకెవరికీ పట్టా లేదు. మేం చేసేదల్లా గడియారం పట్టుకుని కూర్చోవడం, రాసినదాన్ని చదివి 'అయితే ఏమిటి?' అని అడగడం. ఈ రెండో పనే అసలు పని అని పోనుపోను తెలిసింది.

పరీక్ష సంగతి

ముందుగా ఒక హెచ్చరిక. అటక మీద ఉన్న అన్నయ్య పుస్తకాలు, బావగారి పుస్తకాలు నమ్ముకోకండి. ఈ పరీక్ష మూడుసార్లు మారింది. మాలో పెద్దవాళ్ళు రాసిన రోజుల్లో అసలు వ్యాసమే లేదు. వెర్బల్, క్వాంటిటేటివ్, అనలిటికల్ అని మూడు భాగాలు, ఒక్కొక్కటి 800, మొత్తం 2400. ఆ మూడో భాగంలో గుండ్రబల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎర్రచొక్కావాడు ఏ రోజు వస్తాడు అనే తరహా చిక్కుముడులు ఉండేవి. ఇంజినీరింగు కుర్రాళ్ళకు అవి పండగ. 2002 అక్టోబరులో ఆ భాగాన్ని తీసేసి, దాని స్థానంలో రచన పెట్టారు. ఒక అభిప్రాయం మీద 45 నిమిషాల వ్యాసం, మరొకరి వాదనలో లోపాలు ఎంచుతూ 30 నిమిషాల వ్యాసం. మొదటిదాన్ని ఇష్యూ అనీ రెండోదాన్ని ఆర్గ్యుమెంట్ అనీ అంటారు. 2011 ఆగస్టులో పరీక్ష మొత్తాన్ని సవరించినప్పుడు రెండిటికీ చెరి అరగంట చేశారు. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్షను కుదించి రెండు గంటల లోపుకు తెచ్చారు. అప్పుడు ఆర్గ్యుమెంట్ పోయింది. ఇప్పుడు ఉన్నది ఇష్యూ ఒక్కటే, అరగంట.

మార్కులు సున్నా నుంచి ఆరు వరకు, అర మార్కు చొప్పున పెరుగుతాయి. వ్యాసాన్ని శిక్షణ పొందిన ఒక మనిషి చదువుతారు, ఈ-రేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము కూడా చదువుతుంది. ఇద్దరి మార్కులూ దగ్గరగా ఉంటే సరాసరి వేస్తారు. బాగా తేడా వస్తే ఇంకో మనిషి చదివి, ఇద్దరు మనుషుల మార్కుల సరాసరి తీసుకుంటారు. వాక్యానికింత, పేరాకింత అని విడివిడిగా వేయరు. మొత్తంగా చదివితే ఆలోచన ఎంత గట్టిగా ఉంది, ఎంత తేటగా చెప్పారు అన్నదే చూస్తారు. అరగంటలో రాసిన మొదటి ప్రతి అని వాళ్ళకూ తెలుసు కనుక ఒకటి రెండు అక్షర దోషాలకు ప్రాణం మీదికి రాదు. ఐతే కంప్యూటర్ తెర మీద ఇచ్చే రాత పరికరం మరీ సాదాసీదాది. చెరపడం, కత్తిరించి అతికించడం, చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం, అంతవరకే. తప్పు స్పెల్లింగు కింద ఎర్రగీత పడదు. ఫోను దిద్దిపెడుతుంటే రాయడం అలవాటైన మన పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. సాధనలో ఆ సదుపాయం ఆపేసి రాయమని మొదటి రోజే చెబుతాం.

ఇంత కష్టపడటం అవసరమా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2020 తరవాత చాలా విశ్వవిద్యాలయాల్లో చాలా శాఖలు జీఆర్‌ఈని తప్పనిసరి చేయడం మానేశాయి. అడిగే ఇంజినీరింగు శాఖలు కూడా లెక్కల మార్కునే ముందు చూస్తాయని మన కుర్రాళ్ళ నమ్మకం. మీరు చేరాలనుకున్న శాఖ ఏం అడుగుతుందో వాళ్ళ పేజీలోనే చూసుకుని నిర్ణయించుకోండి. మా మటుకు మాకు, పరీక్ష పోయినా ఈ సాధన పోకూడదనిపిస్తుంది. సీటుకోసం రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఇదే పని. సెమినార్ పేపరు ఇదే పని. ఉద్యోగంలో చేరాక 'ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారు' అని మేనేజరు అడిగినప్పుడు రాసే రెండు పేజీల డిజైన్ డాక్యుమెంటూ ఇదే పని. చాట్‌జీపీటీ రాసిపెడుతుంది కదా అని ఒక కుర్రాడు అన్నాడు. రాసిపెడుతుంది. అది రాసినదాంట్లో డొల్ల ఎక్కడుందో పట్టుకోవాలంటే ఈ సాధన ఉండాలి మరి.

కంఠస్థం చేయవచ్చా?

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఇష్యూ అంశాల మొత్తం జాబితాను ముందే ప్రచురించింది. పరీక్షలో వచ్చేది ఆ జాబితాలోదే. ఈ మాట వినగానే మనవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఇంటర్మీడియట్‌లో గైడు పుస్తకం నుంచి పది వ్యాసాలు నేర్చుకుని, ఐదు ప్రశ్నలు రాసి గట్టెక్కిన తరం మనది. కానీ ఆ జాబితా చాలా పొడుగు. పైగా అంశం కింద ఇచ్చే సూచనల్లో అనేక రకాలున్నాయి. ఒకచోట 'ఎంతవరకు ఏకీభవిస్తారు' అంటారు. ఒకచోట 'ఈ సలహా పాటిస్తే ఏ పరిస్థితుల్లో మేలు, ఏ పరిస్థితుల్లో కీడు' అంటారు. మరోచోట 'మీ అభిప్రాయాన్ని ఖండించగల బలమైన కారణాలేమిటో చెప్పి వాటికి జవాబివ్వండి' అంటారు. సూచన చదవకుండా నేర్చుకున్నది దింపేస్తే అడిగినదానికి జవాబు రాదు.

దీనికి మించిన ప్రమాదం ఇంకొకటి ఉంది. కిందటేడు మా బల్ల దగ్గరికి వచ్చిన ఇద్దరు, ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళు, ఒకే శనివారం వేరువేరు అంశాల మీద రాసి ఇచ్చారు. ఇద్దరి మొదటి పేరా అచ్చంగా ఒక్కటే. కామాలతో సహా. అడిగితే ఇద్దరికీ ఊళ్ళో ఏదో కోచింగులో ఇచ్చిన ఫైలు బంధువుల ద్వారా చేరిందని తేలింది. ఏ అంశానికైనా అతికేలా అల్లిన పేరా అది. దాన్ని నేర్చుకున్నవాళ్ళు ఇంకా ఎంతమందో! ఈటీఎస్ వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ వాడుతుంది. రాసినదానిలో ఇతరుల రాతతో పోలిక ఎక్కువగా ఉంటే మార్కులు రద్దు చేసే హక్కు తనకుందని ముందే చెబుతుంది. రద్దైతే పోయేది వ్యాసం మార్కు ఒక్కటే కాదు, పరీక్ష మొత్తం పోతుంది. వందల డాలర్ల రుసుము, నెలల తయారీ, ఆ ఏటి దరఖాస్తుల గడువులు అన్నీ దాంతోపాటే. ఆ ఇద్దరికీ ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ పేరాను అక్కడే చింపేయించాం.

చివర్లో చెప్పే అలవాటు

మనవాళ్ళ వ్యాసాలు వందకు పైగా చదివాక మాకు ఒక సంగతి స్పష్టంగా కనపడింది. ఊళ్ళో చదువుకుని వచ్చినవాళ్ళ దగ్గర విషయం ఉంటుంది, అభిప్రాయం ఉండదు. ఇక్కడ పెరిగిన పిల్లల దగ్గర అభిప్రాయం మొదటి వాక్యంలోనే ఉంటుంది, దాన్ని నిలబెట్టే విషయం ఉండదు.

ఊళ్ళో మనం నేర్చుకున్న వ్యాసం 'మానవుడు సంఘజీవి' అని మొదలై, లాభాలు కొన్ని, నష్టాలు కొన్ని చెప్పి, 'కావున ప్రతి పౌరుడూ...' అని ముగుస్తుంది. ఎటు మొగ్గామో ఎవరికీ తెలియదు, తెలియనక్కరలేదు కూడా. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కదా, మన వ్యాసంలోనూ అసలు మాట చివరికే వస్తుందని మేం సరదాగా అంటుంటాం. జీఆర్‌ఈ చదివేవారికి అంత ఓపిక ఉండదు. మొదటి పేరాలోనే మీరు ఎటువైపో తెలియాలి.

మా బల్ల దగ్గర ఒకావిడ ఉన్నారు. వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి పదకొండేళ్ళు ఇంటిపట్టున ఉన్నారు. మొదటి రోజు అరగంటలో తొమ్మిది పంక్తులు రాశారు. ఇంగ్లీషులో తప్పులు పెద్దగా లేవు. ఎందుకు ఆగిపోయారండీ అంటే ఆవిడ అన్నమాట మాకు ఇప్పటికీ గుర్తే. "ఇన్నేళ్ళ చదువులో కారణాలు రాయమన్నారు, లాభనష్టాలు రాయమన్నారు, బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. నువ్వేమనుకుంటున్నావని మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదండీ." ఆవిడకు కావలసింది ఇంగ్లీషు పాఠం కాదని మాకప్పుడు అర్థమైంది. ఆ తరవాత నాలుగు వారాలు ఆవిడ చేత వ్యాసమే రాయించలేదు. రోజుకో అంశం తీసుకుని, 'నేను ఇలా అనుకుంటున్నాను, ఎందుకంటే' అని రెండే వాక్యాలు, అదీ తెలుగులో. వంట చేస్తూ పైకి చెప్పుకున్నా సరే. ఐదో వారం అరగంటలో పేజీన్నర వచ్చింది.

పొగ, నిప్పు, వంటిల్లు

పేరా ఎలా కట్టాలి అన్నదానికి ఇంగ్లీషు పుస్తకాల్లో రకరకాల సూత్రాలున్నాయి. మాకు అన్నిటికంటే పనికివచ్చింది మన తర్కశాస్త్రం. న్యాయదర్శనంలో ఎదుటివారిని ఒప్పించే అనుమానానికి ఐదు అంగాలు చెబుతారు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. తర్కం మొదలుపెట్టే విద్యార్థులకు నేటికీ మొదటి పాఠంగా చెప్పే తర్కసంగ్రహం రాసిన 17వ శతాబ్దపు అన్నంభట్టు మన తెలుగువాడే. అందులో కొండమీది పొగ ప్రసిద్ధం. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే అక్కడ పొగ ఉంది, ఇది హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

దీన్ని చూసి నవ్వుకోకండి. మన పిల్లల పేరాల్లో మొదటిదీ రెండోదీ మూడోదీ ఉంటాయి. నాలుగోది ఉండదు. ఉదాహరణ చెప్పేసి పక్క పేరాకు వెళ్ళిపోతారు. వంటింట్లో పొగ వస్తే నిప్పుంది, సరే, దానికీ ఈ కొండకూ ఏమిటి సంబంధం అని చదివేవారు అడుగుతారు. మేం 'అయితే ఏమిటి?' అని అడిగేది సరిగ్గా అక్కడే. ఇంకో సంగతి, ఉదాహరణలో రెండు భాగాలున్నాయి చూడండి. ఒక నియమం, ఒక దృష్టాంతం. నియమం లేకుండా వంటిల్లు ఒక్కటే చెబితే అది కథ అవుతుంది, రుజువు కాదు. మన బడి పిల్లలకు ఇప్పుడు ఈ ఐదు మాటలూ నోటికొచ్చు. పరీక్ష హాల్లో చిత్తుకాగితం మీద ప్ర, హే, ఉ, ఉప, ని అని తెలుగులో రాసుకుని మొదలుపెట్టానని ఒకమ్మాయి వచ్చి చెప్పింది.

ఒక అంశం పట్టుకుని చూద్దాం

ఈటీఎస్ జాబితాలోది కాకుండా ఆ పోలికలో మేమే ఒకటి తయారుచేసుకున్నాం. 'సమాజం ముందుకు సాగాలంటే పాత సంప్రదాయాలను వదులుకోక తప్పదు. ఈ మాటతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? ఈ మాట ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు అన్నది పరిశీలిస్తూ రాయండి.'

కాలేజీ పిల్లలు రాసినదాంట్లో ఎడిసన్, గాంధీ, స్టీవ్ జాబ్స్ వచ్చారు. ఏ అంశమిచ్చినా ఈ ముగ్గురూ వస్తారు, ఎవరి పెళ్ళికైనా వచ్చే బ్యాండుమేళంలాగా. వాళ్ళు గొప్పవాళ్ళే. ఐతే ఆ రోజు ఆ పరీక్ష రాసిన వేలమంది కూడా వాళ్ళనే పిలిచి ఉంటారు. అప్పుడు మా ఎం.ఎస్సీ. అమ్మగారు నెమ్మదిగా, "వీరేశలింగం గారు పనికిరారా?" అన్నారు. ఎందుకు పనికిరారు! మనం ఇక్కడ చిన్న తరగతుల్లో చెప్పే పాఠాలన్నీ ఈ పరీక్షకు సరుకే అని మాకు తట్టింది ఆ మాటతోనే.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేస్తానన్నా వెనక్కి తగ్గలేదు. ఇక్కడ సమాజం ముందుకు అడుగు వేసింది ఒక ఆచారాన్ని వదలడం వల్లే. అంటే ఇచ్చిన మాట నిలిచింది.

నిలవని చోటు వెతకాలి. ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. గోదావరి డెల్టా రూపురేఖలు మారిపోయాయి. ఇంతకంటే ముందడుగు ఏముంది? కానీ లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను ఈ దేశపు పాత నిర్మాతల దగ్గరే నేర్చుకున్నామని కాటనే తరవాత రాశాడు. కావేరి మీద చోళుల కాలంనాటి కల్లణై ఆయనకు పాఠం. ఇక్కడ కొత్తది పాతదాని భుజాల మీద నిలబడింది. పాతదాన్ని వదిలి ఉంటే ఆనకట్ట ఇసుకలో కూరుకుపోయేది. ఈ ఆఖరి వాక్యమే ఉపనయం. అది రాయకపోతే కాటన్ కథ ఊరికే కథగా మిగిలిపోతుంది.

ఇక మూడోది మాకు ఇష్టమైనది. కూచిపూడి ఒకప్పుడు పూర్తిగా మగవారి సంప్రదాయం. సత్యభామ వేషం కూడా మగవారే కట్టేవారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్ళు మన తాతల్లో ఇంకా ఉన్నారు. గత శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారివంటి గురువులు ఆడవారికి నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలను తీర్చిదిద్దారు. ఈ రోజు మన వార్షికోత్సవంలో కూచిపూడి చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. సంప్రదాయాన్ని వదిలారా? లేదు. దానిలో ఒక నియమాన్ని వదిలారు. ఆ నియమం పోబట్టే మిగతాది సముద్రాలు దాటి వచ్చింది. అంటే ఇచ్చిన మాటలో 'వదులుకోక తప్పదు' అన్న పదమే మరీ మొరటుగా ఉందని తేలుతోంది. ఒక పదాన్ని పట్టుకుని ఇలా విడదీయడం మంచి మార్కు తెచ్చిపెట్టే పని.

ఇప్పుడు మూడూ కలిపితే అభిప్రాయం వస్తుంది. మనిషిని ఆపే సంప్రదాయాన్ని వదలాలి, తరాల అనుభవాన్ని దాచిపెట్టుకున్నదాన్ని వాడుకోవాలి. వ్యాసంలో ఈ వాక్యం మొదటి పేరాలోకి వెళ్ళిపోతుంది. ఆలోచనలో చివర వచ్చినది రాతలో ముందు పెట్టడమే ఇందులో ఉన్న కిటుకు.

కథ ఇక్కడితో అయిపోలేదు. కాలేజీ అమ్మాయి ఒకతె వెంటనే అడిగింది. "ఆంటీ, ఏది ఆపేది, ఏది అనుభవం అని ముందే ఎలా తెలుస్తుంది? 1881లో ఆ ఊరివాళ్ళు కూడా వితంతువులకు పెళ్ళి వద్దన్నది అనుభవంతోనే అనుకుని ఉంటారు కదా?" బల్ల దగ్గర అందరం కాసేపు మాట్లాడలేకపోయాం. వృక్షశాస్త్రం అమ్మగారే జవాబు ఇచ్చారు. ఆ ఆచారం బరువు ఎవరు మోస్తున్నారో చూడాలి, మోసేవాళ్ళకు నోరు విప్పే వీలుందో లేదో చూడాలి అని. కల్లణై పద్ధతి వల్ల ఎవరి నోరూ మూతపడలేదు, వైధవ్యం విషయంలో అలా కాదు అని. ఆ ప్రశ్నా ఈ జవాబూ కలిపితే నాలుగో పేరా. ఎదుటివాడి బలమైన అభ్యంతరాన్ని మనమే తెచ్చి మనమే ఎదుర్కోవడాన్ని మించి ఆ పరీక్షకులు మెచ్చేది మరొకటి లేదు. మన పాత శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం చెప్పి సిద్ధాంతం చేయడం అన్నదీ ఇదే.

ఒక జాగ్రత్త. చదివేవారికి రాజమండ్రి ఎక్కడుందో తెలియదు, కూచిపూడి ఊరో పేరో తెలియదు. ప్రతి ఉదాహరణకూ ముందు ఒకే ఒక్క వాక్యంలో పరిచయం చేయాలి. 'పంతొమ్మిదో శతాబ్దంలో దక్షిణ భారతదేశంలోని ఒక బడిపంతులు' అంటే చాలు, ఆయన జీవితచరిత్ర అక్కర్లేదు. పేర్లు, తేదీలు రూఢిగా తెలిస్తేనే రాయండి, లేకపోతే 'ఆ శతాబ్దపు చివర్లో' అన్నా ఎవరూ మార్కు తగ్గించరు.

గడియారం

అరగంటను మేం ఇలా పంచుతాం. మొదటి ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టుకోవద్దు. సూచన రెండుసార్లు చదివి, నిలిచే చోటు ఒకటి, నిలవని చోటు ఒకటి, అభ్యంతరం ఒకటి కాగితం మీద రాసుకోవాలి. ఇరవై ఒకటి, ఇరవై రెండు నిమిషాలు రాత. మిగిలిన మూడు నాలుగు నిమిషాలు చదివి దిద్దుకోవడం. ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడం మనవాళ్ళకు మహా కష్టం. పక్కవాళ్ళ కీబోర్డు చప్పుడు వినపడుతుంటే గుండె దడదడలాడుతుంది. అందుకే సాధన ఇంట్లో ఒంటరిగా కాకుండా బల్ల దగ్గర, ఆ చప్పుడు మధ్యనే చేయిస్తున్నాం. పక్క గదిలో చిన్నపిల్లలు గుణింతాలు వల్లెవేస్తుంటారు, దానికీ అలవాటుపడాల్సిందే.

దిద్దుకునేటప్పుడు మనవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సినవి కొన్నే. తెలుగులో 'ఎ', 'ద' లాంటి ఆర్టికల్స్ లేవు కనుక ఇంగ్లీషులో అవి ఎగిరిపోతుంటాయి. 'ఐ యామ్ హావింగ్' అని రాయడం మరొకటి. ఊపిరాడని పొడుగు వాక్యాలు ఇంకొకటి. 'ప్లెథోరా', 'మిరియడ్' లాంటి కార్డుల మీది పదాలను బలవంతంగా దూర్చకండి. తెలిసిన చిన్నమాటతో తేటగా చెప్పినదానికే విలువ ఎక్కువ.

తీసేసిన ఆర్గ్యుమెంట్ సంగతి

2023 తరవాత అది పరీక్షలో లేకపోయినా మేం వదల్లేదు. ఎవరి వాదనలోనైనా చిల్లు వెతకడం నేర్చుకుంటే సొంత వాదనలో చిల్లు కనపడుతుంది. దీనికోసం సరదాగా మన బడి కమిటీ పేరుమీదే ఒకటి రాశాం. 'కిందటేడు తరగతులను మధ్యాహ్నం నుంచి ఉదయానికి మార్చాం. ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లల సంఖ్య పెరిగింది. కాబట్టి వచ్చే ఏడు ఇంకో గంట ముందుకు జరిపితే ఇంకా పెరుగుతారు.' పిల్లలు ఉతికి ఆరేశారు. ఈ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు కట్టి తెలుగు కుటుంబాలు దిగాయేమో? పక్క ఊళ్ళో తెలుగు బడి మూతపడిందేమో? చేరినవాళ్ళు పెరిగారు సరే, మానేసినవాళ్ళు ఎందరు? ఒక గంట మార్చితే మేలు జరిగినంత మాత్రాన ఇంకో గంట మార్చినా జరుగుతుందా, ఆదివారాల ఈతకొలను తరగతులకు అడ్డం రాదా? మన బడి శనివారం కదరా అని ఎవరో గుర్తుచేస్తే అందరూ నవ్వారు. అన్నంభట్టు భాషలో ఇది దారితప్పిన హేతువు, సవ్యభిచారం. పొగ ఒకచోటి నుంచి వచ్చింది, నిప్పు మరొకచోట వెతికారు. కమిటీ పెద్దలు ఈ వ్యాసాలు చదివి వేళలు మార్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టారని వినికిడి.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. శాట్ పరీక్షలో 2005లో పెట్టిన వ్యాసాన్ని 2016లో ఐచ్ఛికం చేసి, 2021లో దాదాపుగా తీసేశారు కనుక ఇక రాతతో పనిలేదని కొందరు అనుకుంటున్నారు. ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో రాయాల్సిన మూడు వ్యాసాల్లో ఒకటి ఇలాంటి వాదనా వ్యాసమే. పదకొండో తరగతి పిల్లలు కూడా వెనక బల్లకు రావచ్చు.

సెలవుల తరవాత మొదటి శనివారం పదిన్నరకు మళ్ళీ మొదలుపెడుతున్నాం. రుసుము లేదు. లాప్‌టాప్, ఒక చిత్తుకాగితం తెచ్చుకోండి. ఆ రోజుకు అంశం: 'తమకు ఉద్యోగం తెచ్చిపెట్టని భాషను పిల్లలకు నేర్పడం కాలం వృథా చేయడమే.' ఏకీభవించినా సరే, ఏకీభవించకపోయినా సరే, ఆ మాట నిలిచే ఉదాహరణ ఒకటి, నిలవని ఉదాహరణ ఒకటి మాత్రం రాసుకుని రండి.